ఆమోసు గారు చెప్పలేరు

1985 ఈస్టర్ విందులో బిర్యానీకి రెండుసార్లు ఉప్పు పడింది. కరుణమ్మ గారు గరిటెతో కాస్త గ్రేవీ తెచ్చి ఆమోసు గారి అరచేతిలో వేసి, "ఉప్పు సరిపోయిందా అన్నయ్యా?" అని అడిగారు. ఆయన చప్పరించి, కళ్ళు మూసుకుని ఆలోచించి, "నేను చెప్పలేనమ్మా" అన్నారు. చాల్లేదు కాబోలని ఆవిడ ఇంకో గుప్పెడు వేశారు. ఆ ఏటి పునరుత్థాన మహిమను మేమంతా మంచినీళ్ళతో మింగాం.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ఆమోసు గారు అమెరికాలో మేముండే రాష్ట్ర ప్రభుత్వంలో, జనం డబ్బు దాచుకునే సేవింగ్స్ సంస్థలను తనిఖీ చేసే ఉద్యోగి. ఎక్కడ ఏం చూసినా బయట అనకూడదని చేరిన రోజునే ప్రమాణం చేయించారట. ఒంగోలు బాప్టిస్టు మనిషి, ఆ ప్రమాణాన్ని ఉప్పు దాకా సాగదీశారు. ఆయన భార్య నవోమి గారు నర్సు, మా తెలుగు సంఘానికి కోశాధికారి. ఆవిడ ఏ ప్రమాణమూ చేయలేదు. శుక్రవారం ఆవిడ చెవిన పడ్డ మాట ఆదివారం ఆరాధనకి మాకంటే ముందే వచ్చి కూర్చునేది.

అప్పట్లో ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆరాధించుకునేవాళ్ళం. మా మసాలా వాసన గురించి వాళ్ళు ఎంతో ప్రేమగా ఫిర్యాదు చేస్తుండేవారు. అందుకని సొంత హాలుకి ఏళ్ళ తరబడి చందాలు పోగేశాం. జూన్‌లో అడ్వాన్సు కట్టాలి. ఆ డబ్బును నవోమి గారు ఊళ్ళోకెల్లా ఎక్కువ వడ్డీ ఇచ్చే సేవింగ్స్ సంస్థలో వేశారు.

అంత వడ్డీ ఎందుకిస్తున్నారని ఎవరూ అడగలేదు. ఇచ్చేవాణ్ణి కారణం అడగడం మర్యాద కాదు కదా. మామూలు బ్యాంకు మునిగితే లక్ష డాలర్ల దాకా కేంద్ర ప్రభుత్వం పూచీ. ఈ సంస్థలకి మాత్రం అవే కలిసి పెట్టుకున్న నిధి పూచీ. అంటే, ఒక ఇల్లు అంటుకుంటే పక్కింటివాళ్ళు బకెట్లతో వస్తారు. వీధంతా ఒకేసారి అంటుకోదని పెద్దమనుషులంతా నమ్మారు. మార్చిలో ఒహాయో రాష్ట్రంలో అలాంటి వీధే అంటుకుంది.

ఈస్టర్ అయ్యాక కమిటీలో పాస్టరు దైవాశీర్వాదం గారు సూటిగా అడిగారు. "ఆమోసూ, నీ జాబ్ అదే కదా. మన డబ్బున్న చోటు సేఫేనా?"

"నేను చెప్పలేనండి అయ్యగారూ."

"సేఫని చెప్పలేవా, కాదని చెప్పలేవా?"

"అదీ చెప్పలేనండి."

నవోమి గారు నవ్వేశారు. "ఆయన్ని అడుగుతారేంటి అయ్యగారూ, బిర్యానీలో ఉప్పుందో లేదో చెప్పలేని మనిషిని."

అందరం హాయిగా నవ్వుకున్నాం. ఆమోసు గారు మాత్రం చెమట తుడుచుకుంటున్నారు. పాపం ఉక్కపోతేమోనని నేనే లేచి హీటర్ తగ్గించాను.

మే నెలలో ఆ సంస్థ ముందు జనం తమ డబ్బు తీసేసుకోడానికి మడత కుర్చీలతో క్యూ కట్టారు. వారం తిరక్కుండానే, ఖాతాకి నెలకి వెయ్యి డాలర్లకి మించి తీయకూడదని గవర్నరు ఆజ్ఞ వేశారు. మేం అడ్వాన్సు కట్టలేకపోయిన హాలుని కరాటే బడివాళ్ళు కొనుక్కున్నారు. తర్వాత పేపర్లో వచ్చింది: సంస్థ మునిగేలా ఉందని శీతాకాలంలోనే పై అధికారులకి రాసింది ఆమోసు గారేనని. ఆ కాగితం అప్పటికింకా పైకి ఎక్కుతూనే ఉందట.

ఆ ఆదివారం, అదే బేస్‌మెంట్‌లో, వాసన రాని ఉప్మా తింటుండగా నవోమి గారు అందరి ముందూ ఆయన్ని నిలదీశారు.

"సంఘానికి చెప్పలేదు, సరే, ప్రమాణం. మన ఇంటి సేవింగ్స్ కూడా అందులోనే ఉందిగా. అదన్నా మెల్లిగా విత్‌డ్రా చేసేయొచ్చుగా?"

ఆమోసు గారు నోట్లో ముద్ద నిదానంగా మింగారు.

"తీస్తే నీకు తెలిసిపోయేది."