రూబీ గిన్నెలో కడుగు నీళ్లు

దేవమ్మ మొదటి గెలుపు టైగర్ చేత ముద్ద ముట్టించడం. చిలకలగూడలో రైల్వే గార్డు ఒకాయన పోయాక, ఆయన పెంచిన ఆ అల్సేషియన్ తిండి మానేసింది. ఇంటివాళ్లు బతిమాలారు, డాక్టరు సూది వేశాడు, లాభం లేకపోయింది. ఆ ఇంట్లో అంట్లు తోమే దేవమ్మ మాత్రం రోజూ దాని పక్కన నేల మీద కూర్చుని తన పెరుగన్నం తాను తినేది. పిలవలేదు, పెట్టలేదు. చివరికి అదే వచ్చి ఆమె వేళ్లు నాకింది.

ఆ తర్వాత ఆమె వెనుదిరిగి చూడలేదు. మోండా మార్కెట్‌లో తప్పిపోయిన పొమేరియన్‌ను వెతికి తెచ్చింది. బోయిగూడ గల్లీల్లో మూడు కుక్కలను మూడు తాళ్లతో చిక్కుపడకుండా నడిపించింది. ఊళ్లకు వెళ్లేవాళ్లు తాళం చెవులు పక్కింట్లో, కుక్కలను దేవమ్మ దగ్గర వదిలి వెళ్లే రోజులొచ్చాయి. ఊరి బడిలో ఏడో తరగతి దాకానే చదివినా, ఆమె చేతిలో ఒక్క ప్రాణి కూడా నలత పడలేదన్న పేరు నిలిచింది. ఆ పేరే ఆమె బతుకుతెరువు.

ఆ పేరుకు ముప్పు ఒక చిన్న పొట్లంలో వచ్చింది. రిటైరైన టీచరమ్మ ఎలీసబెతు, భర్త ఆర్థర్ కంటి ఆపరేషన్ కోసం వెళ్తూ ముసలి కుక్క రూబీని అప్పగించింది. అన్నం తింటే దాని ఒళ్లు దురద పెడుతోందట, బదులుగా ఆ పొట్లంలోని కినోవా అనే విదేశీ గింజలు పెట్టి చూడమన్నాడట డాక్టరు. బాగా కడిగి, మెత్తగా ఉడికించి, చల్లారాక ఒక్క చెంచాడు మాత్రమే కోడిమాంసంలో కలపాలి. ఉప్పు, నూనె, ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు.

దేవమ్మ గింజలను అరచేతిలో పోసుకుని చూసింది. చిలకలకు వేసే కొర్రల్లా ఉన్నాయి. పొట్లం కట్టి వచ్చిన ఏ సరుకునూ ఆమె నమ్మదు. అయినా గిన్నెలో వేసి ఒకసారి కలియదిప్పి వంచింది. రెండోసారి గట్టిగా రుద్దేసరికి బుసబుసా నురగ వచ్చింది. ఒక గింజ నమిలి చూస్తే చేదు.

దీంట్లో సబ్బుపొడి కలిపిందెవరు? పై వాటాలో ఉండే కిషన్ గుర్తొచ్చాడు. కుక్కలు మొరిగితే నిద్ర పాడవుతోందని ఇంటి ఓనరుకు రెండుసార్లు ఫిర్యాదు చేసిన మనిషి. పొట్లం నిన్నంతా మెట్ల దగ్గరే ఉంది. నురగ పోయేదాకా, చేదు పోయేదాకా కడిగి, ఉడికించి, చెంచాడే పెట్టింది. రూబీ తిన్నది.

సాయంత్రానికి రూబీ వాంతులు షురూ చేసింది. విరేచనాలూ పట్టుకున్నాయి. దాన్ని భుజాన వేసుకునే దేవమ్మ మెట్లెక్కింది.

“ఏం కలిపినవ్ కిషన్? సాఫ్ చెప్పు.”

“నీ కుక్కలు మొరిగితే తిడ్త గని, తిండిల చెయ్యి పెడ్తనా అక్కా? ముందుగాల్ల దవఖానకు నడువ్, నా మీద పంచాయితీ తర్వాత.” అని అతనే బండి తీశాడు. దారంతా ఆమె అతని జేబుల వంకే చూస్తూ కూర్చుంది.

పశువుల డాక్టరు ఉదయ్ భాస్కర్ రూబీకి సెలైన్ పెట్టి, పొద్దుటినుంచి జరిగిందంతా చెప్పమన్నాడు. దేవమ్మ తనకు గుర్తున్నదంతా చెప్పింది. సబ్బుపొడి కాదనీ, కినోవా గింజ మీద పుట్టుకతోనే చేదు పొర ఉంటుందనీ, కడిగితే అదే నురగగా పోతుందనీ ఆయన అన్నాడు.

“అంత బాగ కడిగినంక ఇట్ల కావొద్దు. తిన్నది చెప్పినవ్, తాగిందేందమ్మా?”

దేవమ్మకు రూబీ నీళ్ల గిన్నె గుర్తొచ్చింది. బియ్యం కడిగిన మొదటి నీళ్లు పారబోయడం ఆమె ఎరగదు. ఊళ్లో పశువులకు, ఇక్కడ కుక్కలకు, ఆ కడుగు ఎప్పుడూ గిన్నెలోకే పోతుంది. కినోవా మొదటి నీళ్లనూ చెయ్యి అలవాటుగా రూబీ గిన్నెలో వంచింది. పైగా రుచికి కోడి ఉడికించిన నీళ్లు కలిపింది. నురగ కనిపించేటప్పటికే గిన్నె పెరట్లో రూబీ ముందు ఉంది.

రూబీ కోలుకుంది. కిషన్‌ను తప్పుగా అనుకున్నానని దేవమ్మ అతని మొహం చూడకుండానే అన్నది. టీచరమ్మకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆమె వచ్చి రూబీని తీసుకెళ్లిపోయింది. ఆ సంగతి గల్లీ అంతా పాకింది. దేవమ్మ గుమ్మంలోకి కొత్త కుక్క రాలేదు.

సంక్రాంతి దాటాక టీచరమ్మ ఇంకో పొట్లంతో వచ్చి, పీట వేసుకుని దేవమ్మ వంటింట్లోనే కూర్చుంది. “నా ఎదురుగా వండు” అంది. దేవమ్మ కడిగింది, ప్రతి నీళ్లూ మోరీలోకి పారబోసింది, ప్రతిసారీ ఒక గింజ నమిలి చూపించింది. ఉడికాక టీచరమ్మ కూడా ఒక మెతుకు నోట్లో వేసుకుంది. చేదు లేదన్నట్టు తలూపింది.

“బందరులో మా ఆడపడుచు కూతురి పెళ్లి. ఆ రోజు నుంచి రూబీ నన్ను వదిలి ఉండట్లేదు, తీసుకెళ్లక తప్పదు. అక్కడి వంటవాళ్లు దాని గిన్నెలో ఉల్లిపాయ వెయ్యరని నాకు నమ్మకం లేదు. నువ్వు నిజం దాచలేదుగా, నువ్వే రా.”

దేవమ్మ ఇంటి తాళం కిషన్‌కే అప్పగించింది. అనుమానం పూర్తిగా తీరలేదు గనుక సామాను గదికి వేరే తాళం వేసుకుంది. కారు కదిలేముందు గల్లీలో కుక్కలున్న ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పి వచ్చింది: రూబీని చూసుకోడానికి టీచరమ్మే తీసుకెళ్తోంది, తిరిగి వచ్చేది ఫిబ్రవరి తొమ్మిది, సోమవారం.