వేళ్ళకే తెలిసిన అక్షరాలు

తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కానే గాని ఒక్కచోట కూర్చోలేకపోయాను. వేమూరులో ఆగితే దిగి ప్లాట్‌ఫారం మీద నడిచాను, కదులుతుంటే మళ్ళీ ఎక్కాను. రేపల్లె బస్టాండు ఎదుట శుభలేఖలు టైపు చేసే అక్క పొద్దున్నే ఫోను చేసింది.

"నువ్వు పెట్టిన సిస్టం నాకొద్దు తమ్ముడూ. సాయంత్రానికి కార్డు అవ్వకపోతే తెనాలిలో వేయించుకుంటామంటున్నారు పెళ్ళివాళ్ళు."

ఆమె పాత కంప్యూటరు మాటిమాటికీ వైరస్ పట్టి మూలుగుతుంటే, విండోస్ తీసేసి ఉచితంగా దొరికే లినక్స్ సిస్టం ఎక్కించింది నేనే. అది ఎంత సులువో బాపట్లలో కాలేజీ పిల్లలకు చెప్పీ చెప్పీ నాకు నమ్మకం ముదిరిపోయింది. కానీ అక్క నేర్చుకున్నది పాత టైపుమిషను పద్ధతి. అందులో అక్షరాల చోట్లే వేరు. నేను పెట్టిన సిస్టంలో ఆ పద్ధతి లేదు.

"వారంలో అలవాటైపోద్దక్కా" అన్నాను, షాపులోకి అడుగుపెడుతూనే.

"నువ్వు రేపట్నించి ఎడంచేత్తో అన్నం తిను. అదీ వారంలో అలవాటైపోద్ది" అంది.

చురుక్కుమంది. సరే, ఆమె పద్ధతినే సిస్టంలోకి ఎక్కిద్దామని లాప్‌టాప్ తెరిచాను.

"ఘ ఎక్కడుంటదక్కా?"

"ఏమో. చేత్తో కొడతాను గాని నోటితో చెప్పలేను."

ఇంకో అక్షరం అడిగాను. అదే జవాబు. మధ్యాహ్నం దాటిపోతోంది. నేను గుమ్మం దాకా వెళ్తూ, వెనక్కి వస్తూ, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఈ పెళ్ళికార్డు పోతే ఆమె మళ్ళీ నా మాట వినదు, ఆ వీధిలో ఇంకెవరూ వినరు.

"కూర్చో ముందు!" అని గదిమి, ఆమె కళ్ళు మూసుకుని కీబోర్డు మీద చేతులు పెట్టింది. శుభలేఖ పైకి చదువుతూ కొట్టసాగింది. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. తెరమీద పిచ్చి అక్షరాలేవో పడుతున్నాయి. నేను తెర వదిలేసి ఆమె వేళ్ళనే చూస్తూ, ఏ అక్షరానికి ఏ మీట నొక్కిందో లాప్‌టాప్‌లో ఎక్కించుకుంటూ పోయాను. బంధుమిత్రుల అభినందనల దాకా వచ్చేసరికి దాదాపు అన్నీ దొరికాయి.

ఆ పట్టీని ఆమె కంప్యూటర్లో పెట్టాక మళ్ళీ మొదటినుంచి కొట్టింది. ఈసారి తెలుగు పడింది. ఒకటి రెండు ఒత్తులు తేడా కొడితే సరిచేశాను.

ఇంతలో పెనుమూడి నుంచి పెళ్ళికూతురి తండ్రి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. "కంప్యూటర్లో ఏదో మార్చారంట గదమ్మా. మా కార్డుకేం ఇబ్బంది లేదుగా?"

"ఏం మార్చలేదు బాబాయ్" అంది అక్క, టైపు ఆపకుండానే.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ సిస్టం గొప్పలు ఊరూరా చెప్పుకుని తిరిగే నా వైపు ఆయన అనుమానంగా చూశాడు.

"అవునండి, ఏం మార్చలేదు" అన్నాను.