రెండు సెకన్ల రొద కోసం నార్తాంప్టన్ దాకా

శనివారం ఉదయం ఏడూ అయిదుకి లీడ్స్‌లో బర్మింగ్‌హామ్ రైలెక్కాను. వెళ్ళడానికి మాత్రమే టికెట్టు కొన్నాను. రావడం కారులో. ఆ కారు అప్పటికి నార్తాంప్టన్‌లో రామ్మోహన్ అంకుల్ ఇంటి ముందు ఉంది. నన్ను ఎక్కించుకుని నూట ముప్ఫై మైళ్ళు వచ్చే ఓపిక దానికి ఉందో లేదో నాకు తెలియదు.

సంగతేమిటంటే, సోమవారం నుంచి నాకు కొత్త ఉద్యోగం. ఇన్నాళ్ళూ ఆస్పత్రి వార్డులో నర్సుగా చేశాను. ఇక మీదట ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళ కాళ్ళ పుళ్ళకు కట్లు మార్చాలి. లీడ్స్ చుట్టుపక్కల పల్లెలకు గంటకో బస్సు. అందుకే సొంత కారు తప్పనిసరి అని ఉద్యోగమిచ్చిన కాగితంలోనే రాశారు. మా ఇంట్లో ఉన్న ఒక్క కారూ మా ఆయన డ్యూటీలకే చాలదు, ఇంకోటి కొనే స్తోమతు ఈ ఏడాది లేదు. ఈ బెంగంతా ఫోన్లో సుశీల ఆంటీ దగ్గర వెళ్ళబోసుకుంటుంటే వెనక నుంచి అంకుల్ గొంతు వినిపించింది. "మన కారు తీసుకెళ్ళమను. నాకిక దాంతో పనేముంది?"

ఈ ఇద్దరూ తెనాలి వాళ్ళు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో వాళ్ళింటి మేడమీద గదిలో పదకొండు నెలలున్నాను. అంకుల్ ఊపిరితిత్తుల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే, ఆ కారులోనే. రౌండెబౌట్ కూడలి దగ్గర నేను బిక్కచచ్చి ఆగిపోతే వెనక వాళ్ళు హారన్లు కొట్టేవారు. "వాళ్ళ పని వాళ్ళని చేసుకోనీ అమ్మాయ్, నువ్వు ముందు ఊపిరి తీసుకో" అనేవారు ఆయన. పోయినేడాది నుంచి ఆయన కళ్ళకు ఎదురుగా ఉన్నది మసక, పక్కన ఉన్నదే కాస్త కనిపిస్తుంది. ఎవరూ చెప్పకముందే లైసెన్స్ వెనక్కి పంపేశారు. కారును మాత్రం వదల్లేకపోయారు. దాని వయసు ఇరవై రెండేళ్ళు.

లీడ్స్ నుంచి నార్తాంప్టన్‌కి లండన్ మీదుగా వెళ్ళమని ఫోన్ చెబుతుంది. వినకండి. బర్మింగ్‌హామ్‌లో ఒక్కసారి మారితే చాలు, టికెట్టు కూడా చవక. నా ఎదురు సీట్లో ఊలు అల్లుకుంటున్న ఒక పెద్దావిడ ఎక్కడికని అడిగింది. చెప్పాను. "ఇరవై రెండేళ్ళ కారా! ఆపరేషన్ చేసి పెట్టిన నా కొత్త మోకాలికంటే పాతదే, లవ్. ఇది నడుస్తోంది కదా, అదీ నడుస్తుందిలే" అని మోకాలు తట్టి చూపించింది. నా ఫ్లాస్కులో టీ ఆవిడకి సగం పోశాను. ఆవిడ నాకు రెండు బిస్కెట్లిచ్చింది.

తొమ్మిదింటికి బర్మింగ్‌హామ్. ఇక్కడ ఒక్కో ప్లాట్‌ఫాంకి రెండు కొసలుంటాయి, రెండు కొసల్లో రెండు వేరే రైళ్ళు ఆగుతాయి. అది తెలియక నేను తప్పు కొసన తాపీగా నిలబడ్డాను. నా చేతిలో ఫోను మీద తెలుగు చూసి కాబోలు, వీపున సంచీ తగిలించుకున్న ఒక స్టూడెంట్ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా, నార్తాంప్టన్‌కేనా? ఈడ కాదు, ఆ కొసకు ఆగుతది. జల్ది రాండ్రి!" ఇద్దరం ఆయాసపడుతూ ఎక్కాం. ఆ పిల్లే లేకపోతే ఇంకో అరగంట పోయేది, ఆ అరగంట ఎంత విలువైనదో నాకప్పటికి తెలియదు.

పదిన్నరకి నార్తాంప్టన్‌లో దిగి, టాక్సీలో ఎనిమిది పౌన్లకి ఇంటికి చేరాను. గుమ్మంలోనే ఆంటీ, ఆవిడ పక్కన కూతురు కావ్య. కావ్య ఇక్కడే పుట్టింది, ఇదే ఊళ్ళో అకౌంటెంటు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"కారు స్టార్టవలేదే అమ్మాయ్" అంది ఆంటీ, చెప్పులు విప్పకముందే.

నా కోసం పెట్రోలు కొట్టించి ఉంచుదామని కావ్య పొద్దున తొమ్మిదింటికి తాళం తిప్పిందట. ఇంజిన్ తిరుగుతుంది, అందుకోదు. గ్యారేజీకి ఫోన్ చేస్తే వచ్చేవారం గురువారం అన్నారు. దాంతో పాత కార్లు తుక్కుకి తీసుకెళ్ళే లారీకి చెప్పేసింది. ఒంటిగంటకి వస్తుంది.

నాకు ముక్కు మీద కోపం. నన్నడక్కుండా తుక్కుకి ఎలా చెబుతావని కావ్య మీద లేచాను. "ఝాన్సీ, హి సిట్స్ ఇన్ ఇట్ ఎవ్రీ ఈవినింగ్" అంది మెల్లగా. రోజూ సాయంత్రం అయిదింటికి ఆయన కారులో కూచుని, స్టార్ట్ చేసి, పది నిమిషాలు వింటారట. ఏదో ఒకరోజు అలవాటు కొద్దీ గేరు వేసేస్తారేమోనని ఆ పిల్లకి నిద్ర పట్టడం లేదు. కారు ఇవాళ వెళ్ళాల్సిందే, నాతోనో లారీతోనో. నా కోపం అక్కడే చల్లారింది.

ఆంటీ పెసరట్లు పెట్టింది. రెండు తిన్నాను, మూడోది కూడా తిన్నాను. అంకుల్ మాత్రం ఏమీ ముట్టకుండా లోపలికి వెళ్ళి, స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని వచ్చారు.

"నీ కళ్ళు, నా చెవులు. పద" అన్నారు.

పదకొండున్నరకి మొదలుపెట్టాం. ముందు వివరాలు అడగాలి కదా, డాక్టరు. "నిన్న సాయంత్రం అయిదింటికి బ్రహ్మాండంగా స్టార్టయింది. అప్పటినుంచి పొద్దున తొమ్మిది దాకా దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?" అని అందరి వైపూ తిరిగి అడిగారు. కావ్య లేదంది. ఆంటీ కూడా లేదంది, పెనం గుర్తొచ్చి లోపలికి వెళ్ళింది.

నన్ను తాళం తిప్పమన్నారు. ఇంజిన్ గిర్రున తిరిగింది. "బ్యాటరీ దిట్టంగా ఉంది. ఇప్పుడు తాళం ఒక్క గీతే తిప్పు" అని వెనక సీటు మీదికి వంగి చెవి ఆనించారు. ఈ కారులో పెట్రోలు పంపు వెనక సీటు కింద, ట్యాంకులో ఉంటుంది. తాళం ఒక గీత తిప్పగానే అది రెండు సెకన్లు జుమ్మని రొద చేసి, పెట్రోలును ముందుకు తోసి ఆగుతుంది. ఆ తర్వాతే ఇంజిన్ మీదున్న నాలుగు ఇంజెక్టర్లు దాన్ని తుంపరగా లోపలికి కొడతాయి. నేను డ్రైవింగ్ నేర్చుకున్న రోజుల్లో ప్రతిసారీ ఆ రొద వినేదాన్ని, అదేమిటో తెలియకుండానే.

"ఏమీ లేదు" అన్నారు అంకుల్. మళ్ళీ తిప్పించారు. "ఊహూఁ."

బానెట్ ఎత్తాం. నేను ఇంజిన్ తిప్పుతుంటే ఆయన తడుముకుంటూ స్టెతస్కోపు ఒక్కో ఇంజెక్టరు మీదా ఆనించారు. నాలుగూ టిక్కు టిక్కుమంటున్నాయట. "పాపం, ఇవి నోళ్ళు తెరుస్తూనే ఉన్నాయి, పెట్టేవాళ్ళే లేరు. లోపం ఇక్కడ కాదు, పంపు దగ్గర" అన్నారు. పంపు ఫ్యూజు తీసి వెలుతురులో పెట్టి చూశాను, తీగ తెగలేదు. పంపుకి కరెంటిచ్చే రిలే, చిన్న నల్లటి డబ్బా, దాన్ని తీసి హారన్ రిలే అక్కడ పెట్టమన్నారు. రెండూ ఒకటేనట. పెట్టాను, ఫలితం లేదు. చివరికి నన్ను కారు కిందికి దూరి అప్పడాల కర్రతో ట్యాంకు అడుగున తట్టమన్నారు, ఒక్కోసారి బిగుసుకున్న పంపు కదులుతుందట. తట్టాను. నా జుట్టు నిండా మట్టి రాలింది, అంతే.

పన్నెండూ యాభైకి అంకుల్ స్టెతస్కోపు తీసి జేబులో పెట్టుకున్నారు. "పంపు పోయినట్టుంది. ట్యాంకు దించాలి. మన వల్ల కాదమ్మాయ్." ఆయన మొహం నేను చూడలేకపోయాను. సోమవారం పొద్దున మేనేజరుకి ఏం చెప్పాలో మనసులోనే కూర్చుకోవడం మొదలుపెట్టాను.

లారీ సరిగ్గా ఒంటిగంటకి వచ్చింది. గడ్డపు ఆయన, కొండలాంటి మనిషి, దిగీ దిగగానే అడిగాడు. "సామానంతా తీసేశారా? డిక్కీ చూశారా?"

"డిక్కీ ఖాళీయే" అన్నారు అంకుల్.

"అయ్యో, ఉండండి ఉండండి! నా రోలు!" అని ఆంటీ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

అందరం నిర్ఘాంతపోయాం. డిక్కీ తెరిస్తే, పాత దుప్పటి కింద నల్లరాతి రోలు, పక్కన పొత్రం. నాకు తెలుసు దాన్ని. తెనాలి నుంచి ఓడలో తెప్పించుకున్న రోలు. ఆ మేడమీది గదిలో ఉన్నప్పుడు అందులో నూరిన గోంగూర పచ్చడితోనే నేను బతికాను.

"మణికట్లు నొప్పులు, ఇక నేను నూరలేను. ఝాన్సీకిద్దామని. ఈయనకి చెబితే పాత కారుకి అంత బరువెందుకంటారని దాచాను" అంది ఆంటీ తలొంచుకుని.

అంకుల్ ఆవిడ వైపు తిరిగారు. "ఎప్పుడు పెట్టావ్?"

"పొద్దున ఆరింటికి. పక్కింటావిడ సాయం పట్టింది."

"ఎలా పెట్టావ్ సుశీలా? సరిగ్గా చెప్పు."

"ఎలాగేమిటండీ... ఎత్తాం. చివర్లో ఆవిడ చెయ్యి జారింది. ధబ్బున పడింది. కారు కారంతా ఊగిపోయింది."

"ముప్ఫై అయిదేళ్ళు చూశాను. అసలు సంగతి చివరిదాకా చెప్పని పేషెంటు ప్రతి వార్డులోనూ ఒకరుంటారు. మా ఇంట్లోనే ఉందని తెలియలేదు!" అని అంకుల్ పకపకా నవ్వారు. కారు దేన్నయినా గట్టిగా గుద్దుకుంటే నిప్పు అంటుకోకుండా పెట్రోలు పంపును ఆపేసే మీట ఒకటి ఉంటుందట. అది ఈ కారులో డిక్కీలో, ఎడమ పక్క. రోలు పడ్డ అదురుకి యాక్సిడెంట్ జరిగిందనుకుంది పిచ్చి కారు. "ఎడమవైపు కార్పెట్ వెనక చెయ్యి పెట్టు ఝాన్సీ. బొత్తాం పైకి లేచి ఉందా?"

చెయ్యి దూర్చాను. వేలికి తగిలింది. నొక్కాను, టక్కుమంది.

అంకుల్ వెనక సీట్లోకి వంగారు. కానీ లారీ ఇంజిన్ రొదలో ఏం వినిపిస్తుంది? ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు, కళ్ళు చికిలించి లారీ వైపు తిరిగారు. గడ్డపాయనకి మా తెలుగు ఒక్క ముక్కా అర్థం కాలేదు, ఆ చెయ్యి మాత్రం అర్థమైంది. వెళ్ళి లారీ ఆపేసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకి ఆ రోజు దక్కాల్సిన కారు అది. వీధంతా నిశ్శబ్దమైంది. తాళం ఒక్క గీత తిప్పాను.

జుమ్మ్.

"ఐ హర్డ్ ఇట్! డాడ్, నేను విన్నాను!" అని అరిచింది కావ్య, రెండోసారి తెలుగులో. రెండో గీతకి ఇంజిన్ అందుకుంది. ఆంటీ నా తల నిమిరి మట్టి దులిపింది. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. లారీ ఆయన రెండు పెసరట్లు నిలబడే తిని, అల్లం పచ్చడికి కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు. ఆయన పేరు అడగలేదని ఇప్పటికీ బాధ.

అన్నం తిని రెండింటికి బయల్దేరాను. అంకుల్ తాళం నా చేతిలో పెట్టారు. కారు కప్పు మీద చెయ్యి వేసి, గేటు దాకా పక్కనే నడిచారు. అద్దంలో చూస్తే కావ్య ఆయన చెయ్యి పట్టుకుని ఉంది.

ఎం-వన్ హైవే ఎక్కి ఎడమ వరుసలోనే గంటకి అరవై మైళ్ళ మీద నడిపాను. ఈ దారిన వచ్చేవాళ్ళకి ఒక మాట, లెస్టర్ దాటే దాకా మధ్యాహ్నం కూడా రద్దీ ఉంటుంది, తొందరపడకండి. రెండున్నర గంటల దారి నాకు మూడు దాటింది. మధ్యలో దారి పక్కన తిండీ పెట్రోలూ దొరికే ఒక సర్వీసెస్‌లో ఆగి టీ తాగాను. కారు ఆపేటప్పుడు మళ్ళీ స్టార్టవుతుందో లేదో అనుకున్నాను, వచ్చి తాళం తిప్పితే రొద చేసి అందుకుంది. అంత దాకా వచ్చాక గానీ నేను స్థిమితంగా ఊపిరి తీసుకోలేదు.

అయిదున్నరకి లీడ్స్‌లో ఇంటి ముందు ఆపాను. మా ఆయనా నేనూ కలిసి రోలును పసిబిడ్డను దించినట్టు దించాం. కింద రెండు దిండ్లు కూడా వేశాను.

ఒక్క పగటి ప్రయాణంలో ఎంతమంది చెయ్యి వేశారని లెక్కపెట్టబోయి మానేశాను. ప్లాట్‌ఫాం చూపించిన పిల్ల పేరూ తెలియదు, లారీ ఆపినాయన పేరూ తెలియదు. వాళ్ళు చల్లగా ఉండాలి.

లోపలికి వెళ్ళబోతుంటే గుర్తొచ్చింది. అంకుల్ కారులో కూచునే అయిదు దాటి అరగంటయింది. మళ్ళీ కారెక్కి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు. చేరానని చెప్పాను. ఆయన ఏదో అడగబోయి ఆగిపోయారు.

"ఉండండి అంకుల్" అని ఫోను వెనక సీటు మీద పెట్టి, ముందుకొచ్చి తాళం ఒక్క గీత తిప్పాను. రెండు సెకన్లు.

ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"బాగుందమ్మాయ్. రేపు కూడా ఇదే టైముకి వినిపించు" అన్నారు.