నెరిడా వంట మొదలుపెట్టిన చలికాలం

గనుల ఊరు జీహన్‌లో స్కూలు బస్సు నడిపే నెరిడా బ్లాకబీకి అరవై దగ్గరపడేదాకా పొయ్యితో పని పడలేదు. వంటంతా అన్న లయల్ చూసుకునేవాడు. ఇద్దరిలో ఎవరూ పెళ్లి చేసుకోలేదు. అందుకు బాధపడిందీ లేదు. తగరం గనిలో పని మానేశాక లయల్ ఆ వంటింటికి రాజైపోయాడు. చెల్లెలు ఒక్క దుంప చెక్కు తీయబోయినా, "నువ్వు బస్సు తోలుకో, దుంపల సంగతి నేను చూసుకుంటా" అని కత్తి లాక్కునేవాడు.

అక్కడ చలి మొదలయ్యే జూన్‌లో ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి లయల్ పెరట్లో కట్టెలు కొట్టే మొద్దు పక్కన పడి ఉన్నాడు. గుండె ఆగిపోయిందన్నారు. అంత్యక్రియల్లో నెరిడా వచ్చినవాళ్లందరికీ చేయి కలిపింది, టీ అందించింది, కుర్చీలు మడతపెట్టింది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్లు ఎదురుచూసి, తర్వాత ఆ సంగతే మరిచిపోయింది. బస్సు మాత్రం మానలేదు.

ఇరుగుపొరుగు గిన్నెల్లో తెచ్చిచ్చిన కూరలు ఉన్నన్నాళ్లు అవే వేడిచేసుకు తింది. అవి అయిపోయాక రొట్టె కాల్చుకుని, సీసాలోని ఉప్పటి నల్లటి వెజిమైట్ రాసుకునేది, పొద్దునా రాత్రీ అదే. ప్యాంటు నడుం మీద నిలవకపోతే లయల్ బెల్టు తీసి బిగించుకుంది.

ఎదురింటి థోరా పిన్నర్ ఇదంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఒక శనివారం కరెంటుతో రోజంతా నెమ్మదిగా ఉడికించే స్లో కుక్కర్ ఒకటి తువ్వాలులో చుట్టి, చంకలో పెట్టుకుని వచ్చింది. మూతకు పిడి విరిగిపోతే దాని స్థానంలో సీసా బిరడా బిగించి ఉంది.

"నాకు వంట రాదు థోరా," అంది నెరిడా.

"తెలుసులేవే. నీకు రాకపోతే ఏం, దీనికి వచ్చు. నువ్వు అడ్డం రాకుండా ఉంటే చాలు."

థోరా బల్ల దగ్గర కూర్చుని చెప్పుకొచ్చింది. గడ్డకట్టిన మాంసం అలాగే పడేయకూడదు, ముందురోజే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. నరాలూ కొవ్వూ ఉన్న చవక ముక్కలే దీనికి నప్పుతాయి. దుంపలూ క్యారెట్లూ మాంసం కంటే ఆలస్యంగా ఉడుకుతాయి కాబట్టి అడుగున వేయాలి. నీళ్లు అరకప్పు చాలు. సన్న సెగ మీద పొద్దున పెడితే సాయంత్రానికి అవుతుంది.

"ఇంకొకటి. మూత తీయకు. తీశావంటే లోపలి వేడంతా పోతుంది."

ఫ్రీజర్ అడుగున లయల్ కొనిపెట్టిన గొడ్డు మాంసం ఉంది. అందులో సగం తీసి, మర్నాడు ఆదివారం పొద్దున్నే కుక్కర్‌లో వేసింది. అరకప్పు నీళ్లతో మాంసం ఎలా ఉడుకుతుందో ఆమెకు అర్థంకాలేదు. అంచుదాకా పోసింది. బయట వాన. కుక్కర్ చప్పుడు చేయదు, కదలదు. ఉడుకుతోందో లేదోనని మూత తీసి చూసింది. మళ్లీ చూసింది. సాయంత్రానికి క్యారెట్లు పళ్లకిందికి గట్టిగా తగిలాయి, మాంసం రబ్బరులా సాగింది. అదే తింది.

"సూపు కూడా కాదే ఇది, స్నానం చేసిన నీళ్లు!" ఎలా కుదిరిందో చూడ్డానికొచ్చిన థోరా గిన్నెలో గరిటె తిప్పి నవ్వింది. "మూత ఎన్నిసార్లు తీశావ్?"

"ఏమో. చాలాసార్లు. చూడ్డానికి ఇంట్లో ఇంకేముందీ?"

థోరా నవ్వు ఆపేసింది. గరిటె కడిగి, దాని చోట్లో దాన్ని తగిలించి వెళ్లిపోయింది.

మిగిలిన మాంసం నెరిడా బస్సు ఉన్న రోజే పెట్టింది. చీకటుండగానే దుంపలు పరిచి, పైన ముక్కలు వేసి, ఉప్పూ, చిటికెడు మిరియాలూ, ఉల్లిపాయా చల్లి, అరకప్పు నీళ్లు పోసి బయటపడింది. రోజంతా దాని ఊసే గుర్తురాలేదు.

తిరిగొచ్చి తలుపు తీయగానే ఇల్లంతా ఉడికిన మాంసం వాసన. "వచ్చా," అంది వంటింటి వైపు చూసి. అన్నాక గానీ ఏమన్నదీ తెలియలేదు. గొడుగులోంచి నీళ్లు చాప మీద కారుతుంటే అక్కడే నిలబడింది. ఇప్పుడైనా ఏడుస్తానేమో అనుకుంది. ఏమీ రాలేదు. గొడుగు మూలన పెట్టి, కోటు విప్పి, పళ్లెం తీసుకుంది.

ముక్క ఫోర్కు తగలగానే విడిపోయింది. బాగా కుదిరిందని ఆమెకు తెలిసింది, బస్సు బ్రేకులు బాగున్నాయని తెలిసినట్టే, అంతకు మించి ఏమీ లేకుండా. ఆరుగురికి సరిపోయే కుక్కర్ అది. మిగిలింది థోరాకు పట్టుకెళ్లింది.

థోరా నిలబడే రెండు ముద్దలు తింది. "మిరియాలు తక్కువయ్యాయి. లయల్ అయితే గుప్పెడు వేసేవాడు."

"అది లయల్ వంట. ఇది నా వంట."

"అబ్బో! అప్పుడే నీ వంట అయిపోయిందా? సరే కూర్చో, టీవీలో ఫుట్‌బాల్ మొదలైంది."

కూర్చుంది. ఎవరు గెలిచారో గమనించలేదు.

ఆ చలికాలమంతా ఆ ఒక్క కూరే వండింది. లయల్ కొన్నది ఎప్పుడో అయిపోవడంతో, పక్క ఊరు క్వీన్స్‌టౌన్ వెళ్లినప్పుడల్లా అలాంటి మాంసమే తెచ్చుకునేది. కొండల మీద మంచు కరిగిపోయాక ఒకరోజు మాంసం కొట్టులో ఆయన ఆమెను చూసి అడక్కుండానే కాటా వైపు తిరిగాడు.

"ఎప్పుడూ తీసుకునేదేగా?"

నెరిడా అద్దాల పెట్టెలోకి కాసేపు చూసింది. వెనకాల ఎవరో దగ్గారు.

"ఆ గొర్రె కాళ్లు," అంది, "వాటికి ఎంతసేపు పడుతుంది?"