ఇంట్లో పిలిచే పేరు

మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో మందు పేలి మా ఆఫీసు కిటికీ అద్దాలు గలగలమన్నప్పుడల్లా నాకు ఎస్తేరమ్మ గొంతు వినిపిస్తుంది. "ఎవరో తలుపు కొడుతున్నరు బిడ్డా, పేరడుగు" అనేది. ఆమె నోట నేను విన్న హాస్యం అదొక్కటే. మిగతా రోజంతా అనుమానమే. బొగ్గు కంపెనీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాక, గోదావరిఖనిలో విశ్రాంత గని కార్మికుల సంఘానికి ఆమె సభ్యత్వాలు చూసేది. ఆ పనిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి నేను వెళ్లాను. నన్నూ అనుమానంగానే చూసింది.

నేను తయారుచేసిన వాటిలో నాకు బాగా ముద్దొచ్చింది గుంపు నమోదు. ఒక్క మనిషి తన బ్యాచ్ వాళ్లందరి పేర్లూ ఎక్కించి మీట నొక్కితే చాలు, అందరూ సభ్యులే. శ్రీరాంపూర్ నుంచి ఒకాయన ఇరవై రెండు పేర్లు పంపితే ఎగిరి గంతేశాను. ఎస్తేరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "ఇరవై రెండు మందికి ఒక్కటే ఫోన్ నంబరు ఎట్ల ఉంటది?" అంది. తన కుర్చీ పోతుందని కంప్యూటర్‌కు అడ్డం పడుతోందనుకున్నాను. ఆమె వారం రోజులు కూర్చుని ఒక్కొక్కరి నంబరూ సంపాదించి మాట్లాడింది. ఐదుగురు మమ్మల్నెవరూ అడగలేదన్నారు. ఒకాయన చనిపోయి ఏడాది దాటింది. "సంఘం ఎలక్షన్లు వస్తున్నయి కదా, ఓట్లు పట్టుకొచ్చిండు" అంది తాపీగా. నాకు తల తీసేసినట్లయింది.

ఆ అనుమానపు రోగం నాకూ అంటుకుంది. గుంపులో ఎవరి పేరు ఎవరిచ్చినా, ఆ మనిషి ఫోన్‌కే సందేశం వెళ్లి, అతను ఒప్పుకుంటేనే చేరేలా మార్చాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆధార్‌లో పేరూ కంపెనీ కాగితంలో పేరూ కలవకపోతే దరఖాస్తు ఎర్రబడి ఆగిపోయేలా కూడా చేశాను, ఎస్తేరమ్మకు చెప్పకుండా.

మందమర్రి గుంపులో అందరూ దాటారు, మల్లయ్య అనే పెద్దాయన ఒక్కడే ఆగిపోయాడు. మర్నాడు బస్సెక్కి వచ్చాడు. దమ్ము జబ్బుతో ఆయాసపడుతూ మెట్లు ఆగి ఆగి ఎక్కాడు. సభ్యత్వ కార్డుంటేనే సంఘం ఆయన్ని నగరంలోని ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పంపుతుంది. ఆధార్‌లో ఆయన మల్లయ్య. కంపెనీ కాగితంలో రాజయ్య.

"రాజయ్య ఎవరు కాకా?" పోలీసులాగా అడిగాను.

"నేనే బిడ్డా. నౌకరి మా బావకొచ్చింది. గనిలకు దిగాల్నంటే ఆయనకు భయం. ఆయన పేరు మీద నేను దిగిన. ముప్ఫై ఏండ్లు."

నేను నమ్మలేదు. ఇంకెవరి కాగితమో పట్టుకొచ్చాడనుకున్నాను. రుజువు తెమ్మని పంపించబోతుంటే ఎస్తేరమ్మ వచ్చి ఆ కాగితం అందుకుంది.

"అన్నా, గనిల నీ టోపీ లైటు నంబరెంత?"

"నాలుగు వందల పదిహేడు." దగ్గు మధ్యలోనే చెప్పాడు. కాగితం మీదా అదే ఉంది. ఆమె అప్పటికప్పుడు కార్డు రాయించి, ఆయన్ని బస్సు దాకా సాగనంపి వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. "నన్నేమో ఎవ్వరినీ నమ్మొద్దంటివి. ఈయన్ని ఎట్ల నమ్మినవ్?"

"అప్పుడు నా ముందట ఉన్నది ఉత్త కాగితం. ఈయన మనిషి, వచ్చి దగ్గుతుండె" అంది. తన కుర్చీలో కూర్చుని చెప్పింది. "మా నాయన గూడ వేరేటోళ్ల పేరు మీదనే దిగిండు. ఎవరికన్న తెలిస్తే నౌకరి పోతదని మా అమ్మకు గూడ చెప్పలే. గనిల పైకప్పు కూలిననాడు గేటు కాడ చచ్చిపోయినోళ్ల పేర్లు చదివిన్రు. అండ్ల మా నాయన పేరు రాలె, ఆయన దిగిన పేరొచ్చింది. మా అమ్మ దేవునికి స్తోత్రమని ఇంటికొచ్చి, ఆయనకు బువ్వ వండింది."

ఆ సాయంత్రమే ఎర్ర రంగు తీసేశాను. ఫారంలో ఒక గడి పెట్టాను: ఇంట్లో మిమ్మల్ని ఏ పేరుతో పిలుస్తారు?

ఎస్తేరమ్మ ఇప్పుడు లేదు. గుంపుగా వచ్చే ప్రతి జాబితానూ నేనిప్పటికీ అనుమానంతోనే తెరుస్తాను. మొన్న మా మేనేజరు, ఆ గడి వల్ల నమోదు ఆలస్యమవుతోందని, తీసేయమన్నాడు. ఒక ఇల్లాలు బువ్వ వండి మొగుడి కోసం ఎదురుచూసిందని ఆయనకు ఎలా చెప్పాలో తెలియలేదు. గడి మాత్రం తీయలేదు.