పుస్తకాల వెనక పెన్సిలు రాతలు

పోయిన నెల మదనపల్లెలో ఒక బైండింగు షాపు ముందు నడుస్తుంటే మైలతుత్తం కలిపిన మైదా గంజి వాసన వచ్చింది. పురుగు పట్టకుండా అట్టల కింద పూస్తారు ఆ గంజిని. నేను చదివిన మొదటి పుస్తకాలన్నింటికీ అదే వాసన. అవి పుంగనూరు శాఖా గ్రంథాలయం పుస్తకాలు. మా నాయన అక్కడి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. తొంభైలలో నేను ఆరో తరగతి చదువుతున్నప్పుడు, బడి వదలగానే ఇంటికి పోకుండా గ్రంథాలయానికి పోవడం అలవాటైంది.

గ్రంథాలయాన్ని మునిరత్నం సారు చూసుకునేవారు. ఎండాకాలం కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టి, భుజం మీది తువ్వాలుతో ప్రతి పుస్తకాన్నీ తుడిచి ఇచ్చేవారు. ఇచ్చే ముందు మన చేతులు చూసేవారు. చెనక్కాయలు పీకే కాలంలో ఉడికించిన కాయలు వొలుచుకు తింటూ పోయినా, ఉగాది మర్నాడు నిప్పట్లు తిన్న నూనె చేతులతో పోయినా, మాట్లాడకుండా బయటి కుళాయి వైపు వేలు చూపించేవారు. పుస్తకంలో గీత గీస్తే కార్డు రద్దు అని గోడ మీద రాసి ఉండేది. అయినా ప్రతి పుస్తకం చివరి ఖాళీ పేజీలో ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసేవాళ్లు. బాగుంది, పరమ చెత్త, హీరోయిన్ చచ్చిపోతుంది జాగ్రత్త, ఇలాంటివే ఎక్కువ.

వాటిలో ఒక చేతిరాత మాత్రం వేరుగా ఉండేది. గుండ్రంగా, పెన్సిలుతో, వంకర లేని వరసల్లో. ఒక అపరాధ పరిశోధన నవల వెనక, ‘మొదటి ముప్పై పేజీలు ఓర్చుకోండి. తర్వాత అన్నం చల్లారిపోయినా లేవరు’ అని ఉంది. నిజంగానే ఆ పూట నా సంగటి ముద్ద గట్టిపడిపోయి అమ్మ చేత తిట్లు తిన్నాను. పాడి పశువుల పెంపకం మీద ఒక పుస్తకం వెనక, ‘ఈయన ఎప్పుడూ గొడ్డును ముట్టినట్టు లేదు’ అని ఉంటే నాయనకు చూపించాను. ఆయన నాలుగు పేజీలు తిప్పి, నిజమే అన్నారు. హిమాలయ యాత్ర పుస్తకం వెనక, ‘ఇది చదివినాక మన బోయకొండ కూడా కొత్తగా ఎక్కాలనిపిస్తాది’ అని రాసి ఉంది. అప్పటినుంచి నేను పేర్లూ బొమ్మలూ చూడడం మానేసి, పుస్తకాన్ని వెనకనుంచి తెరిచేదాన్ని. ఆ గుండ్రటి అక్షరాలుంటే ఇంటికి తీసుకుపోయేదాన్ని. నవలలు, యాత్రలు, జీవిత చరిత్రలు, ఇంటి వైద్యం, ఏదైనా సరే. స్నేహితురాళ్లు గచ్చకాయలాటకు పిలిచి పిలిచి విసిగిపోయారు.

ఒకసారి దెయ్యాల నవల వెనక, ‘వంటింట్లో నలుగురూ ఉన్నప్పుడు చదవండి’ అని కనిపించింది. దాని కింద నేను, ‘నాకు భయం వెయ్యలేదు’ అని రాశాను. నెల తర్వాత అదే పుస్తకం అరలో కనిపిస్తే తెరిచి చూశాను. ‘అబద్ధం. నలభయ్యో పేజీ మూల మడిచి ఆపేసినావు’ అని జవాబుంది. అలా మొదలైంది. ఒక ఏడుపు నవల మీద మొదలైన వాదన మూడు పుస్తకాల వెనక పేజీల దాకా సాగింది. ఆ మనిషి ఎవరో కాలేజీ లెక్చరరు అయి ఉంటారని నేను అనుకునేదాన్ని.

ఏడో తరగతి సెలవుల్లో పుస్తకాల తనిఖీకి జిల్లా నుంచి అధికారి వస్తున్నారన్నారు. మునిరత్నం సారు ఒక్కో పుస్తకమే విప్పి చూస్తూ ఆ రాతలన్నీ కనిపెట్టారు. నేను పోయేసరికి బల్ల మీద ఆ గుండ్రటి అక్షరాలున్న పది పుస్తకాలు వెనక పేజీలు తెరిచి వరసగా పెట్టి ఉన్నాయి. బల్ల ముందు రెడ్డెప్ప నిలబడి ఉన్నాడు. ఆయన చౌడేపల్లె దగ్గరి రైతు. బీన్సు, టమోటా మండీలో దించేసి, బస్సు వచ్చేదాకా గ్రంథాలయంలో కూర్చునేవాడు. పేపరు కోసమో, ఫ్యాను గాలి కోసమో వస్తాడనుకునేదాన్ని.

“ఇవి ఎవురు రాసినారప్పా?” అన్నారు సారు.

“నేనే సార్.”

“రెండు చేతిరాతలు ఉండాయి కదా.”

రెడ్డెప్ప ఒక్కసారి నా వైపు చూశాడు. నా మొహంలో ఏం కనిపించిందో తెలియదు. “రెండూ నావే సార్. ఒగటి ఈడ కూర్చోని రాసింది, ఇంగొగటి బస్సులో రాసింది” అన్నాడు.

సారు ఆయన కార్డు తీసుకుని సొరుగులో వేశారు. రెడ్డెప్ప ఖాళీ గోనెసంచులు చంకన పెట్టుకుని బయటికి పోయాడు. నేను చేతిలోని పుస్తకాన్ని అరలో పెట్టేసి ఇంటికి వచ్చేశాను.

మూడు వారాలు ఏదీ చదవలేకపోయాను. చివరికి, సిరంజీలు వేడినీళ్లలో వేస్తున్న నాయనతో చెప్పాను. ఇది నాకు కాదు, సారుకు చెప్పాల్సిన మాట అన్నారు ఆయన. పోయి చెప్పాను. మునిరత్నం సారు చేస్తున్న పని ఆపలేదు.

“నీది కోడి గీకినట్టుండాది పాపా. నాకు తెలీదా? వస్తావా రావా అని సూస్తాండాను” అన్నారు.

నెల రోజులు రద్దని నా కార్డు తీసుకున్నారు. రెడ్డెప్ప కార్డు నా చేతికిచ్చి, స్వయంగా ఇచ్చి రమ్మన్నారు. మర్నాడు నాయనతో మండీకి పోయాను. టమోటా పెట్టెల మధ్య నిలబడి ఆయనకు కార్డు ఇస్తూ ఏడ్చాను. రెడ్డెప్ప దాన్ని పైజేబులో పెట్టుకుని, ఈ నెలంతా ఏం చదివినావని అడిగాడు. ఏమీ లేదన్నాను.

“అట్లయితే నా కార్డు మీద తీసిస్తాను. ఏడ్సేది నిలిపి ఏది గావాలో సెప్పు” అన్నాడు.

ఆ నెల ఆయన తెచ్చిచ్చినవే చదివాను. మునిరత్నం సారు తెల్లకాగితాలు కుట్టి ఒక నోటుపుస్తకం చేసి, అభిప్రాయాలు ఇందులో రాయండి అని వాకిలి పక్కన దారంతో వేలాడదీశారు. మొదటి పేజీ రెడ్డెప్పది, రెండోది నాది.

తర్వాతి ఏడాది నాయనకు కుప్పం బదిలీ అయింది. అక్కడి గ్రంథాలయంలో తమిళం, కన్నడం పత్రికలు కూడా ఉండేవి కాని, పుస్తకాల వెనక పేజీలు శుభ్రంగా ఉండేవి. నేను కూడా ఏమీ రాయలేదు.

రెండు వేల ఐదు, ఆరు ప్రాంతంలో మదనపల్లెలో డిగ్రీ చదువుతుండగా, ఆసుపత్రిలో ఉన్న స్నేహితురాలిని చూడబోయి, కళ్ల వార్డులో రెడ్డెప్పను చూశాను. రెండో కంటికి కూడా ఆపరేషనయి, రెండు కళ్లకూ కట్టు ఉంది. నా గొంతు ఆయనకు తెలియలేదు, పేరు చెప్పాల్సి వచ్చింది. వెంటనే ఏం చదువుతున్నావని అడిగాడు. నా సంచిలో ఓడ మునిగి దీవిలో చిక్కుకున్న నావికుల కథ ఉంది. మంచం పక్కన కూర్చుని మొదటి రెండు అధ్యాయాలు చదివి వినిపించాను. మూడోది మొదలుపెడుతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

“సాలు పాపా. మిగతాది కట్టు ఇప్పినాక నేనే సదువుకుంటాను.”

పుస్తకం ఆయన తలగడ కింద పెట్టి వచ్చాను.

పోయిన నెలే పుంగనూరు కూడా పోయాను. మునిరత్నం సారు ఎప్పుడో రిటైరయ్యారు. నోటుపుస్తకం సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. చివరి పేజీల మీద ఇప్పుడు కంప్యూటరు నంబర్ల చీటీలు అంటించారు. మండీ ఉన్న చోట ఫోన్ల షాపులున్నాయి. అక్కడినుంచి ఆటోలో చౌడేపల్లె దాటి రెడ్డెప్ప ఊరికి పోయాను. ఆయన పోయి ఆరేళ్లయిందని కోడలు చెప్పింది. దీవి కథ చివరిదాకా చదివాడా అని అడగాలనుకున్నాను. అడిగేలోపే, మామ ఏవేవో చదువుతుండేవాడని, ఏమిటో తనకు తెలియదని ఆమే అంది. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, అదే ఆటోలో తిరిగి వచ్చాను.