ఆకురాయి పట్టిన రోజు

మా షాహిస్తాకి లెక్కలు వెన్నతో పెట్టిన విద్య. సత్తెనపల్లిలో బీఎస్సీ పూర్తిచేసి, ఈసెట్ రాసి, గుంటూరు దగ్గర మా ఇంజనీరింగ్ కాలేజీలో నేరుగా రెండో ఏడాదిలో చేరింది. నేనూ అలా వచ్చినదాన్నే. మధ్యలో వచ్చినవాళ్లం మొదటి ఏడాది వర్క్‌షాపు విడిగా నేర్చుకుని పాసవ్వాలి. నేను తప్పితే మళ్లీ రాసుకుంటాను. షాహిస్తా తప్పితే చదువే ఆగిపోతుంది. మిర్చి కాటా వేసే ఆమె మేనమామ గౌస్ బాషా, "ఇనుముతో ఆడపిల్లకేం పని? ఒక్కటి తప్పినా ఇంటికొచ్చి బీఈడీ చదువుకో," అని ముందే మాట తీసుకున్నాడు.

మాకిచ్చిన పని వినడానికి తేలిక. రెండు ఇనప పలకలు. ఒకదానికి గాడి కొయ్యాలి, రెండోదానికి ఆ గాడిలో కూర్చునే మొన తీర్చాలి. ఆకురాయితో రాకి రాకి నున్నచేసి, రెండూ కలిపి కిటికీకేసి పట్టుకుంటే సందులోంచి వెలుతురు కనపడకూడదు. షాహిస్తా పలకల సందులోంచి నల్లపాడు స్టేషను కనపడేది.

పోనీ బద్ధకమా అంటే, కాదు. నేను చెయ్యి నొప్పని కూలబడితే తను చెమటలు కక్కుతూ రాకేది. ఆకురాయి జర్రున జారేది, పలక మెరిసేదే తప్ప అరిగేది కాదు. పక్క బెంచీల ఫస్టియర్ కుర్రాళ్లు "అక్క ఇనుముని జోకొడుతోందిరా" అని నవ్వేవాళ్లు. వాళ్లని రెండు పీకాలనిపించేది నాకు. నేర్పే యలమందయ్యగారు ఆకురాయి అరిగిపోయిందని కొత్తది ఇచ్చారు. అదీ జారింది.

పరీక్ష ముందు శుక్రవారం మధ్యాహ్నం, షాహిస్తా వజూకి చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కుని, నమాజు చదువుకుని తిన్నగా బెంచీ దగ్గరికొచ్చింది. ఆకురాయి ఒక్క తోపు తోసింది. కర్రుమంది. ఇనపరజను పొడిపొడిగా రాలింది. తను ఆగిపోయి అరచేతులు చూసుకుంది.

"జ్యోతీ, ఆముదం," అంది.

వాళ్లమ్మ సర్దార్‌బీ ఏళ్ల తరబడి మిరపకాయలకి ముచికలు, అంటే తొడిమలు, తీస్తోంది. చేతికి ఆముదం రాసుకోకుండా ఆ పనికి కూర్చుంటే రాత్రంతా మంటే. చిన్నప్పట్నుంచీ అమ్మ పక్కన కూర్చున్న పిల్లకి ఆముదం రాసుకుంటేనే పని మొదలైనట్టు. వర్క్‌షాపుకీ రోజూ చిన్న సీసాలోంచి రాసుకునే వచ్చేది. అదే చేత్తో పలకని నిమిరి నున్నదనం చూసుకునేది. ఇంక ఆకురాయి ఎక్కడ పడుతుంది? వర్క్‌షాపంతా గ్రీజు వాసనే కాబట్టి ఎవరం పసిగట్టలేదు.

యలమందయ్యగారు ఆమె చేతులు చూసి, మొదటిసారి నవ్వారు. "ఇన్నాళ్లూ ఆకురాళ్లని తిట్టాను కదమ్మా," అన్నారు.

ఆదివారం ఇంటికెళ్తే సర్దార్‌బీ కూతుర్ని మిరపకాయల దగ్గరికే రానివ్వలేదు. "ఆముదం లేకుండా రాకితే బొబ్బలెక్కుతయ్. ఎక్కనీ. ఇనుము సంగతి చూడు," అంది.

బొబ్బలెక్కాయి, చితికాయి కూడా. పరీక్షరోజు షాహిస్తా చేతులు సబ్బుతో తోముకుని, వేళ్లకి గుడ్డపేలికలు చుట్టుకుని నిలబడింది. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి ఆమె పలకల్ని కలిపి కిటికీకేసి పట్టుకున్నారు. తిప్పి పట్టుకున్నారు. ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశారు.

"సూది మొన కూడా దూరదండీ," అన్నారు యలమందయ్యగారు. ఆ సంతోషం ఆయన మొహంలో దాగలేదు. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు మా షాహిస్తావే. నేను ఊరుకుంటానా, "జోకొడితే ఇట్టా ఉంటదిరా," అని ఆ కుర్రాళ్లకి చెప్పే వచ్చాను.

యలమందయ్యగారు ఆ పలకల్ని ఆమెకే ఇచ్చేశారు. ఇద్దరం సత్తెనపల్లి బస్సెక్కి సరాసరి ముచికలు తీసే షెడ్డుకే వెళ్లాం. సర్దార్‌బీ మిరపకాయల మధ్యనుంచి లేచొచ్చింది. తీసుకోబోయి ఆగి, ఆముదం చేతికి కొంగు చుట్టుకుని, అప్పుడు పట్టుకుంది. ఎండకేసి ఎత్తి, ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. ఆమె కళ్లు తడిశాయి. అది మిరపఘాటు కాదని నాకు తెలుసు.

కాటా దగ్గర్నుంచి గౌస్ బాషా వచ్చాడు. "ఏదీ, నన్ను చూడనీ," అని చెయ్యి చాచాడు.

"ముందు చేతులు కడుక్కుని రా," అంది సర్దార్‌బీ.